ఎడమకు ఒక గాటు

చిన్నోడు పోయిన రోజు టీచరమ్మ అయిదో తరగతికి డిక్టేషన్ చెబుతోంది. గుమ్మంలో బోల్టు కనబడ్డాడు. చిన్నోడు ఆమె తమ్ముడు. బోల్టు వాడి స్నేహితుడు, వీధి చివర కార్ల షెడ్డు నడుపుతాడు. పని చేస్తున్నంతసేపూ పళ్ళ మధ్య ఒక బోల్టు బిగించి పట్టుకుంటాడు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు పెట్టిన తల్లి కూడా అలాగే పిలుస్తుంది. ఆ రోజు అతని నోట్లో ఏమీ లేదు. చేతులు మోచేతుల దాకా శుభ్రంగా ఉన్నాయి. వంతెన దగ్గర మలుపులో చిన్నోడి కారు వెనక భాగం ఎగిరి, పక్కకు జారి, గోడకు కొట్టుకుందన్న మాట చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. టీచరమ్మ సగంలో ఉన్న వాక్యం పూర్తి చేసి, చివర చుక్క పెట్టమని పిల్లలకు చెప్పి, అప్పుడు బయటికి వచ్చింది.

ఆ చేతుల సంగతి ఆమెకు చాలా రోజుల తరవాత గుర్తొచ్చింది. గుర్తొచ్చాక మళ్ళీ మనసు విడిచి పోలేదు. ఎప్పుడూ గ్రీజు వదలని చేతులు. అలాంటి కబురు మోసుకొచ్చే మనిషి తీరిగ్గా చేతులు కడుక్కుని వస్తాడా? ఏం కడుక్కున్నట్టు?

ఇంట్లో ఇప్పుడు ఆమె, నాన్న ఇద్దరే. నాన్న చెప్పులు, బూట్లు కుడతాడు. ముందు గదే ఆయన పనిగది. దినాలు గడిచాక ఆయన నోరు తెరిచి అడిగింది ఒక్కటే. "వాడి బండి అలా పడి ఉంటే నాకు ముద్ద దిగట్లేదు. బాగు చేయించు. ఎవరో ఒకరు తోలుకుంటారు."

ఆ మాట బోల్టు చెవిన పడేసరికే కారు అతని షెడ్డులో జాకీల మీద ఉంది. ఎవరూ అడక్కముందే పని మొదలుపెట్టేశాడు. డబ్బు ఊసు ఎత్తితే చెవులు మూసుకున్నాడు. వీధంతా ఆహా అంది. టీచరమ్మకు మాత్రం ఆ తొందర మింగుడు పడలేదు. అంత ఆత్రం దేనికి? కారులో ఎవరూ చూడకూడనిది ఏముంది?

బడి నుంచి వచ్చే దారిలోనే షెడ్డు. రోజూ ఆగి, పాత టైరు మీద కాగితం పరుచుకుని కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దడం మొదలుపెట్టింది. దిద్దుతున్నట్టు కనబడుతుందే గానీ కళ్ళు అతని చేతుల మీదే. ఒకప్పుడు ఆమెను చూడగానే 'నాకు ఎన్ని మార్కులు అక్కా' అని వాగేవాడు, ఇప్పుడు తల కారు కిందికి దూర్చేస్తున్నాడు. ఆమె కూడా 'ఏరా' అనడం మానేసింది.

ఒక సాయంత్రం వెనక చక్రాలు రెండూ ఊడదీసి ఉన్నాయి. స్ప్రింగులు బయటికి వచ్చాయి. బల్ల మీద కొత్తగా ఒక జత నల్లటి రబ్బరు ముక్కలు ఉన్నాయి. పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నంగా, మడతలు మడతలుగా, ముడుచుకున్న గొంగళిపురుగుల్లా.

"ఇవేమిటి?" అంది.

"బంప్ స్టాపర్లు అక్కా. కారు గోతిలో పడి స్ప్రింగు పూర్తిగా కుంగిందనుకో, ఇనుముకి ఇనుము కొట్టుకోకుండా మధ్యలో ఇవి ఆపుతాయి."

"వీటిని కోసి బిగిస్తారని చిన్నోడు ఒకసారి అన్నాడు. కొత్తవాటిని కూడానా?"

"మామూలు కారుకైతే అక్కర్లేదు. మనవాడు షోకు కోసం బండిని నేలకి ఆనేంత కిందికి దించాడు కదా. కుంగడానికి చోటెక్కడిది? రబ్బరు నిండుగా ఉంటే బండి ఎప్పుడూ దీని మీదే కూర్చుని గంతులేస్తుంది. అందుకని ఒక మడత తీసేసి పొట్టి చేస్తాం."

"చిన్నోడివి ఎవరు కోశారు?"

బోల్టు పళ్ళ మధ్య బోల్టు అటు నుంచి ఇటు జరిగింది. "పాతవి పొడైపోయాయి అక్కా. చెయ్యి పెడితే రాలిపోయాయి. పారేశా."

అంటూనే కాలితో ఒక పాత రంగు డబ్బాను బల్ల కిందికి నెట్టాడు. మెల్లగానే నెట్టాడు. బల్లల కింద చీటీలు పట్టుకోవడంలో సగం జీవితం గడిచిన మనిషి ముందు ఎంత మెల్లగా నెట్టినా ఒకటే.

వీధిలో ఎవరో హారన్ కొడితే అతను బయటికి వెళ్ళాడు. టీచరమ్మ లేచి, వంగి, డబ్బా మూత తీసింది. తుడిచి పారేసిన గుడ్డల కింద చెయ్యి పెట్టింది. చేతికి తగిలిన రబ్బరు ముక్క రాలిపోలేదు. గట్టిగా, నిక్షేపంగా ఉంది. దాన్ని కాగితంలో చుట్టి, పేపర్ల సంచిలో అడుగున పెట్టుకుంది. బోల్టు తిరిగొచ్చేసరికి మళ్ళీ టైరు మీద కూర్చుని ఉంది. ఎర్ర పెన్నుతో దిద్దిన పేపరే మళ్ళీ దిద్దుతోంది.

దారి పొడవునా మనసులో అతన్ని నిలబెట్టి అడుగుతూనే ఉంది. ఎక్కువ కోసి పాడు చేశావు. నీ పనితనం తప్పి వాడు పోయాడు. ఇప్పుడు ఆనవాలు లేకుండా చేస్తున్నావు.

ఇంటికి వచ్చి, పెరటి కుళాయి దగ్గర సబ్బు పెట్టి రబ్బరును కడిగింది. జిడ్డు వదిలింది. సన్నగా ఉండాల్సిన కొస లేదు. కోసిన చోటు అద్దంలా నున్నగా ఉంది. చుట్టూ అంచును ఎవరో వాలుగా చెక్కి పలచన చేశారు. తిప్పి చూసింది. వెడల్పు వైపు అడుగున, గోటితో తడిమితే తెలిసేంత చిన్న గాటు ఒకటి ఉంది.

టీచరమ్మ కుళాయి కట్టేయడం మర్చిపోయింది.

ఆ గాటు ఆమెకు అక్షరాల కంటే ముందు తెలుసు. నాన్న ఏ చెప్పు అడుగు కోసినా ఎడమకు ఒక గాటు పెడతాడు, కుడికి రెండు పెడతాడు. చిన్నప్పుడు చిన్నోడు బూట్లలో వేలు పెట్టి, గాటు తడుముకుని, ఏ కాలిదో చెప్పేవాడు. కానీ ఈ రబ్బర్లకు కుడి, ఎడమ లేవు. రెండూ ఒకటే, ఎటు బిగించినా పడతాయి. ఈ లోకంలో ఏ మెకానిక్కూ వీటికి గాటు పెట్టడు.

"వచ్చావా?" ముందు గదిలోంచి నాన్న గొంతు. "కొత్త రబ్బర్లు వచ్చాయటగా. బోల్టుగాడిని నా దగ్గరికి పంపమను. చిన్నోడికి కోసిచ్చింది నేనే. కత్తి తడి చేసి పెడితే వెన్నలో దిగినట్టు దిగింది."

"చెప్తా నాన్నా," అంది.

మర్నాడు ఆమె షెడ్డులో కూర్చోలేదు. నేరుగా వెళ్ళి రబ్బరు ముక్కను బానెట్టు మీద పెట్టింది.

"పొడైపోయిందన్నావు."

బోల్టు నోట్లోది తీసి జేబులో వేసుకున్నాడు. "టీచర్లు కూడా దొంగతనం చేస్తారన్నమాట."

"నాన్న కోశాడు."

అతను చెయ్యి చాచి, గాటున్న వైపు కనబడకుండా ముక్కను బోర్లించాడు.

"తప్పుగా కోశాడా?"

బోల్టు కొత్త రబ్బరు ఒకటి తెచ్చి దాని పక్కన నిలబెట్టాడు. "ఇదిగో, ఈ సన్న కొస మెత్తన. ముందు ఇది నలుగుతుంది, తరవాత మెల్లమెల్లగా గట్టిపడుతుంది. కొయ్యాల్సింది ఈ వెడల్పు వైపు. బాబాయ్ సన్న కొస తీసేశాడు. ఆయన లెక్కలో అదే రైటు. చెప్పుకి ముందు కొస కోస్తారు గానీ బరువు మోసే మడమ ముట్టుకోరు కదా. ఇక్కడ కొస పోతే మెత్తదనం పోయినట్టే. మలుపులో గతుకు తగిలితే వెనకాల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది."

"అందుకే ఎగిరిందా?"

"ఎలా చెప్పను అక్కా? రోడ్డు తడిగా ఉంది. వాడు స్పీడు మీద ఉన్నాడు. ఇదీ ఉంది. ఏది ఎంత అని ఎవడు తూకం వేస్తాడు?"

"బిగించింది నువ్వే కదా."

"నేనే." అతను చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. మరకలు మరకల్లాగే ఉన్నాయి. "చూడగానే చెప్పా, ఇటు కాదురా అని. వాడు వింటేనా. 'మా నాన్న ఎంత సంబరంగా కోశాడో నీకు తెలీదు, తిరిగి వెళ్ళి తప్పని చెప్పమంటావా' అన్నాడు. కొత్తవి తెప్పిద్దాం, అందాకా మెల్లగా పోతానన్నాడు. మెల్లగా పోవడం వాడి ఒంట్లో ఉందా? అప్పుడు ఆర్డరు పెట్టినవే ఇవి. మొన్న వచ్చాయి."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. టీచరమ్మ అడగాల్సింది ఒకటే మిగిలింది.

"ఆ రోజు బడికి చేతులు కడుక్కుని వచ్చావు. ఎందుకు?"

అతను ఆమె వంక చూశాడు. అలాంటి ప్రశ్న వస్తుందని అనుకోనట్టుంది.

"వాడిని కారులోంచి తీసింది నేనే కదక్కా. ఆ చేతులతో పిల్లల ముందుకి ఎలా వస్తా?"

ఆమె రబ్బరు ముక్కను బానెట్టు మీద అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు తిప్పింది.

"ఇన్నాళ్ళూ నాకు చెబితే ఏం పోయేదిరా?" అంది చివరికి.

'రా' వినగానే బోల్టు ముఖం కొంచెం సడలింది. "చెబితే నువ్వు బాబాయ్ ఎదురుగా కూర్చుని మామూలుగా భోంచెయ్యగలవా? నన్ను అనుమానిస్తే అనుమానించావులే అనుకున్నా. నీ చూపులకి నా వీపు మాత్రం కాలిపోయింది."

"కొత్తవి నువ్వే కోసెయ్యొచ్చుగా."

"ఆయన ఊరుకుంటేనా. వాడి బండికి చివరి పని నా చేత్తో జరగాలంటాడు. రోజూ కబురు. నేను అటువైపు పోవడమే మానేశా."

"ఇలా ఇవ్వు. నేను తీసుకెళ్తా."

"ఏమని చెప్తావు?"

"వేరే కంపెనీవని చెప్తా. వీటికి వెడల్పు వైపు కొయ్యాలట అంటా."

"నమ్ముతాడా?"

"నా మాట ఎప్పుడూ నమ్మకుండా లేడు."

పాత ముక్కను మళ్ళీ కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. షెడ్డులో వదిలిపెడితే ఎవరి కంట పడుతుందోనని భయం.

నాన్న అప్పటికే కత్తి నూరుకుని, గిన్నెలో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త జతను చేతిలో ఆడించి చూసి, చిన్నపిల్లల చెప్పులు అందుకున్నట్టు అందుకున్నాడు. మొదటిదాన్ని చెక్క మీద పెట్టి, పెన్సిలుతో గీత గీశాడు. సన్న కొస వైపే గీశాడు.

"అటు కాదు నాన్నా. ఇవి వేరే కంపెనీవట. వెడల్పు వైపు కొయ్యాలని బోల్టు చెప్పాడు."

నాన్న కళ్ళద్దాల మీదుగా చూశాడు. "చిన్నోడివి అటు, ఇవి ఇటూనా?"

"అలాగే చెప్పాడు."

ఆయన బొటనవేలితో గీత చెరిపేసి, వెడల్పు వైపు కొత్త గీత గీశాడు. కత్తిని నీళ్ళలో ముంచి, ఒకే ఊపులో కోశాడు. రబ్బరు మడత ఉంగరంలా ఊడి బల్ల మీద పడింది. అంచు వాలుగా చెక్కాడు. కత్తి కొసతో ఒక గాటు పెట్టాడు. ఎడమ.

రెండోది చెక్క మీద పెట్టాడు. పెన్సిలు తీసుకున్నాడు గానీ గీయలేదు.

"పాతవి ఏవీ?"

"పొడైపోయాయట. పారేశాడు."

"నేను చేత్తో పట్టుకుని కోసిన రబ్బరు. అప్పుడే పొడైపోయే సరుకా అది?"

అబద్ధం చెప్పే పిల్లల ముఖం చూడక్కర్లేదని, చేతులు చూస్తే చాలని కొత్తగా చేరిన పంతులమ్మలకు టీచరమ్మ చెబుతూ ఉంటుంది. తన రెండు చేతులూ ఒళ్ళో ఉన్న పేపర్ల సంచిని అదిమి పట్టుకుని ఉన్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది. నాన్న కూడా ఆ చేతులనే చూస్తున్నాడు.

"వాడు ఈ మధ్య నన్ను తప్పించుకు తిరుగుతున్నాడు," అన్నాడు. "నువ్వూ నిన్నటి నుంచి నా ముఖం చూడట్లేదు." గొంతులో కోపం లేదు. కత్తిని గుడ్డతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టేశాడు. "రేపు బోల్టుగాడిని రమ్మను. పాతవి పట్టుకుని రమ్మను. వాటిని చూశాకే ఇది కోస్తాను."

గిన్నెలో నీళ్ళు పారబోయడానికి పెరట్లోకి వెళ్ళాడు. టీచరమ్మ సంచి తెరవలేదు, బల్ల దగ్గర నుంచి కదలనూ లేదు.

కారు జాకీల మీదే ఉంది. కొత్త జతలో ఎడమది కోసి, గాటు పెట్టి ఉంది. కుడిది ఇంకా కోయలేదు.