కొర్రీలమ్మ

ఇరవై నాలుగేళ్లుగా కాన్పులు చేస్తున్న నర్సమ్మకు ఎంత కష్టమైన కాన్పులోనూ చెయ్యి వణికేది కాదు. కలం పట్టుకుంటే మాత్రం వణికేది. రిజిస్టర్లో పేరు, వయసు, బిడ్డ బరువు రాయమంటే ముత్యాల్లా రాసేది. అదే "ఈ పథకం ఆవశ్యకతను వివరించండి" అని పది ఖాళీ గీతలు గీసిచ్చారంటే తల ప్రాణం తోకకొచ్చేది.

అయినా ఆ ఏడు దరఖాస్తు పెట్టి తీరాలని పట్టుబట్టింది. వానల మొదట్లో ఒక మేకల కాపరి భార్య నొప్పులతో కొండ మీదినుంచి కాలిదారిన బయల్దేరి, సగం దూరం దిగేసరికి ఇక అడుగు పడక ఓ బండ పక్కన కూలబడిపోయింది. కబురందుకున్న నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని పరుగున ఎక్కేసరికి బిడ్డ తల కనిపిస్తోంది. జోరున కురిసే వానలో, ఎవరో పట్టిన గొడుగు కింద పురుడు పోసింది. బిడ్డను తన గుండెకు హత్తుకుని వెచ్చబెడుతూ, రెండో చేత్తో తల్లి పొట్ట నొక్కుతూ రక్తం ఆపింది. ఇద్దరూ దక్కారు.

ఆరోగ్య కేంద్రంలో మంచమెక్కించాక ఆ తల్లి నీరసంగా అంది: "నాలుగు రోజుల ముందే వచ్చేద్దామనుకున్నా నర్సమ్మా. వచ్చి ఎక్కడుండను?"

కేంద్రానికి ఉన్నవి రెండే గదులు. ఒకటి కాన్పులకు, ఒకటి టీకాలకు. పక్కన జాగా మాత్రం ఖాళీగా పడి ఉంది. తల్లీపిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందన్న కాగితం ఆరు నెలలుగా గోడకు వేలాడుతూనే ఉంది. దాని మీద ఆమే క్యాలెండరు తగిలించుకుంది. ఆ సాయంత్రం క్యాలెండరు పక్కకు జరిపి, కాగితాన్ని మొదటిసారి మొదలునుంచి చివరిదాకా చదివింది. నెలలు నిండినవాళ్లు పది రోజుల ముందే వచ్చి ఉండడానికి నాలుగు మంచాల ఇల్లు. అడగాల్సింది అదేనని తేల్చుకుంది.

రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. చివరికి "పేద తల్లుల క్షేమం దృష్ట్యా దయచేసి మంజూరు చేయగలరు" అని ముగించి, బస్సెక్కి పెద్ద కార్యాలయానికి వెళ్లి మూడో నంబరు కిటికీలో ఇచ్చింది. లోపల ఒక సన్నపాటి ఆవిడ, కళ్లద్దాలకు గొలుసు కట్టుకున్న గుమాస్తా, తల కూడా ఎత్తకుండా ముద్ర వేసి తీసుకుంది.

రెండు వారాలకు దరఖాస్తు తిరిగొచ్చింది. పైన "అసంపూర్ణం" అని ముద్ర. అంచుల నిండా పెన్సిలుతో చీమల బారులాంటి రాత. ఏడు కొర్రీలు.

"చూశావా, ఏడు! ఆవిడ పేరేంటో గానీ, నేను మాత్రం కొర్రీలమ్మ అనే పిలుస్తా," అంటూ నర్సమ్మ కాగితాలు బల్ల మీద విసిరికొట్టింది.

ఎదురుగా కూర్చున్నది ఆమె ఆడపడుచు. లెక్కల టీచరుగా చేసి రిటైరై, రెండేళ్లుగా అన్నగారింట్లోనే ఉంటోంది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి తలుపు గడియ దాకా వదినామరదళ్లకు దేంట్లోనూ పొసగదు. టీచరు కళ్లద్దాలు సవరించుకుని మొదటి కొర్రీ పైకి చదివింది.

"'దూరం తొమ్మిది కిలోమీటర్లని రాశారు. ఇక్కడ కూర్చున్నవాళ్లకు తొమ్మిది కిలోమీటర్లంటే పావుగంట. నిండు చూలాలికి ఎంతసేపు పడుతుందో రాయండి.'" చదివి ఆగింది. "వదినా, ఇది కొర్రీ కాదు. మంచి ప్రశ్న. నా క్లాసులో ఎవరైనా అడిగుంటే చప్పట్లు కొట్టించేదాన్ని."

"అయితే వెళ్లి ఆవిడకే కొట్టు."

"అరవకు. రేపు పొద్దున్నే నడుద్దాం. గడియారం నేను తెస్తా."

అన్నట్టే తెల్లవారకముందే ఇద్దరూ కొండెక్కారు. దారిపొడుగునా టీచరు ఆయాసపడుతూనే ఉంది గానీ వెనక్కి వెళ్దామని ఒక్కసారీ అనలేదు. పైన ఎనిమిదో నెల గర్భిణి ఒకామె ఆ రోజు పరీక్షకు దిగాల్సి ఉంది. తేనె పట్టేవాడి భార్య, నవ్వు మొహం మనిషి. ఆమెతో కలిసి దిగడం మొదలుపెట్టారు. ఆమె ఆగిన ప్రతిచోటా టీచరు సమయం రాసుకుంది. వాగు దగ్గర రాళ్ల మీద కాలు నిలదొక్కుకోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. నర్సమ్మ చెయ్యి అందిస్తే ఆమె గట్టిగా పట్టుకుంది.

"నాకోసం మీరు నడుస్తున్నారా, మీకోసం నేను నడుస్తున్నానా?" అని నవ్విందామె.

"నీ తర్వాత వచ్చేవాళ్లకోసం ముగ్గురం నడుస్తున్నాం," అంది టీచరు.

కిందికి చేరేసరికి మూడు గంటల నలభై నిమిషాలు. అది కూడా ఎండ కాసిన రోజు, నొప్పులు లేని మనిషికి. నర్సమ్మ ఆ దారిని వందలసార్లు ఎక్కింది, దిగింది. అయినా ఆ అంకెను టీచరు చేత రెండోసారి చదివించుకుంది.

రెండో కొర్రీ ఇంకా కష్టమైనది. "దారిలో జరిగిన కాన్పులెన్ని? మీ రిజిస్టర్లో ఉంటాయి." ఉంటాయి. ఆవిడ అన్నది నిజమే. ప్రతి కాన్పుకూ స్థలం రాస్తుంది నర్సమ్మ. కాకపోతే ఆరేళ్ల రిజిస్టర్లు ఒక్కచోట పరిచి "దారిలో" అన్న మాటను ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలనిపించలేదు.

మధ్యాహ్నమంతా పేజీలు తిప్పారు. పదకొండు వచ్చాయి. పదకొండింటిలో రెండు చోట్ల బిడ్డ బరువు గడిలో అంకె లేదు, చిన్న అడ్డగీత ఉంది. ఆ గీతలు గీసిన రోజులు ఆమెకు బాగా గుర్తే. ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

"వదినా, కాసేపు ఆపుదామా?" ముప్ఫై ఏళ్లలో టీచరు ఆమెతో అంత మెత్తగా మాట్లాడడం అదే మొదలు.

"వద్దు. నువ్వు రాయి. నేను చెప్తా."

టీచరు రాసింది. రాస్తూ మరో చేత్తో వదిన చెయ్యి పట్టుకుంది. ఆ పేజీ అయ్యేదాకా వదల్లేదు.

మిగతా ఐదు కొర్రీలకూ జవాబులు రాసి పంపారు. పది రోజులకు అదీ తిరిగొచ్చింది! ఈసారి రెండే కొర్రీలు. ఇల్లు కట్టాక దాన్ని ఎవరు చూసుకుంటారో రాయమని ఒకటి, ఏం కావాలో కొండ మీది ఆడవాళ్ల నోటనే చెప్పించి జతచేయమని మరొకటి. నర్సమ్మకు ఒళ్లు మండిపోయింది. కాగితాలు చంకన పెట్టుకుని, టీచరు ఎంత వారించినా వినకుండా బస్సెక్కేసింది.

మూడో కిటికీ ముందు నిలబడి గొంతు పెంచింది. "అమ్మా, మీకిది సరదాగా ఉందేమో! అక్కడ కాన్పులు వదిలేసి, మీ పెన్సిలు రాతలకు జవాబులు రాస్తూ కూర్చోవాలా నేను? ఇస్తే ఇస్తామనండి, లేకపోతే లేదనండి. ఎన్నిసార్లు తిప్పుతారు?"

వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. గుమాస్తా మొదటిసారి తలెత్తింది. కోప్పడలేదు.

"ఆఖరి తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయమ్మా," అంది. "ఉన్నదున్నట్టు పైకి పంపేస్తే నా పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. కానీ పైన కొర్రీలు వెయ్యరు. ఒక్క తప్పు కనపడితే తిరస్కరించి పక్కన పెట్టేస్తారు. మళ్లీ ఏడాది దాకా అడగడానికి లేదు. నా బల్ల మీద ఉన్నంతసేపే దిద్దుకోవడానికి వీలుంటుంది."

నర్సమ్మ చంకలోని కాగితాలు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"మీది మొత్తం చదివాను. మూడు గంటల నలభై నిమిషాలు అని రాశారు చూడండి, ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చకండి. ఇంకా ఈ రెండూ పెడితే దీన్ని కాదనడం ఎవరి తరం కాదు. వెళ్లండి, బస్సు తప్పిపోతుంది."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పెన్సిలు రాతను మళ్లీ చదువుకుంది నర్సమ్మ. తిట్టుకుంటూ చదివినప్పుడు కొర్రీలుగా కనిపించినవన్నీ ఇప్పుడు పక్కన కూర్చుని చెయ్యి పట్టి రాయిస్తున్నట్టున్నాయి. సిగ్గేసింది.

మర్నాడు మళ్లీ కొండెక్కారు. ఆడవాళ్లు తలా ఒక మాట చెప్పారు. ఒకామె తన వెంట వచ్చే పెద్దపిల్ల పడుకోవడానికి చోటు కావాలంది. ఒకామె వంట చేసుకోవడానికి పొయ్యి అడిగింది. మేకల కాపరి భార్య, చంకలో బిడ్డతో, "తలుపుకి లోపల గడియ పెట్టించండి చాలు" అంది. టీచరు ఎవరి మాట వాళ్లదిగానే రాసి వేలిముద్రలు తీసుకుంది. ఇంటిని చూసుకునే బాధ్యత ఎవరిదన్న చోట, వదినను అడగకుండానే తన పేరు రాసేసుకుంది.

"నీకెందుకీ వయసులో?" అంది నర్సమ్మ.

"ఇంట్లో నీ ఉప్పులేని కూరలు తప్పించుకోవచ్చని," అంది టీచరు.

మూడు నెలల తర్వాత, టీకాల రోజున, గదినిండా పిల్లల ఏడుపుల మధ్య ఉత్తరం వచ్చింది. నర్సమ్మ చేతిలో సూది ఉంది కాబట్టి టీచరే విప్పింది. నాలుగు మంచాలకూ ఒప్పుకున్నారు. పొయ్యికీ, గడియకూ ఒప్పుకున్నారు. అడిగినవాటిలో ప్రహరీ గోడ ఒక్కటే కొట్టేశారు. "గోడ పోతే పోయింది!" అని టీచరు అరిచిన అరుపుకు ఏడుస్తున్న పిల్లలు కూడా ఒక్క క్షణం ఊరుకున్నారు. వదినామరదళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు.

ఆ వారంలోనే నర్సమ్మ మూడో కిటికీకి వెళ్లింది. ఏం మాట్లాడాలో బస్సులో వల్లెవేసుకుంది. తీరా ఎదురుగా నిలబడ్డాక ఒక్కటీ గుర్తురాలేదు.

"అమ్మా, మీరు చదివారు," అంది. "మా కాగితం మీరు నిజంగా చదివారు. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

గుమాస్తా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇరవై దరఖాస్తులు తిప్పి పంపితే మళ్లీ నాలుగైదే వస్తాయి. మిగతావాళ్లు నన్ను తిట్టుకుని మానేస్తారు. మీరు తిట్టడానికైనా వచ్చారు. నేనే మీకు థాంక్స్ చెప్పుకోవాలి."

"మీకు తెలీదు, మేం మీకో పేరు కూడా పెట్టాం."

"కొర్రీలమ్మ అనేగా? ఈ ఆఫీసులో అందరూ అలాగే అంటారు."

కిటికీకి అటూ ఇటూ ఇద్దరూ పగలబడి నవ్వారు. వరసలో వెనకున్నాయన గొంతు సవరించుకునేదాకా ఆగలేదు.

మళ్లీ వానలు పట్టేనాటికి ఇల్లు లేచింది. సున్నం వాసన ఇంకా పోకముందే మొదటి మనిషి దిగింది. గంపలు అల్లుకునే కుటుంబం, మూడో కాన్పు. వచ్చిన రెండో రోజునుంచే సణుగుడు మొదలుపెట్టింది. పరుపు గట్టిగా ఉందంది. పక్క మంచం ఖాళీగా ఉంటే భయమేస్తోందంది. ఏమీ తోచడం లేదని నర్సమ్మ కనపడినప్పుడల్లా చెప్పింది. టీచరు ఆమెకు సంతకం నేర్పిస్తానని పలక తెచ్చింది. ఇద్దరికీ రోజంతా వాదులాటే. బయట నాలుగు రోజులు ఆగకుండా వాన పడి వాగు పొంగింది. అలాంటి రోజుల్లో కబురు కోసం గుమ్మంలో నిలబడి కొండకేసి చూసే నర్సమ్మ, ఈసారి కొత్త ఇంటి అరుగు మీద కూర్చుని లోపలి సణుగుడు విన్నది. తనివితీరా విన్నది.

ఐదో రోజు పొద్దున్న నొప్పులొచ్చాయి. తన కాళ్ల మీద తనే పది అడుగులు నడిచి కాన్పు గదిలోకి వచ్చింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల, మూడు కిలోలకు కాస్త తక్కువ.

మరో రెండు రోజులకు వాగు తగ్గాక ఆమె మొగుడు దిగివచ్చాడు. మోకాళ్ల దాకా బురద. నొప్పులు ఇంకా మొదలై ఉండవన్న ధీమాతో నింపాదిగా గుమ్మంలోకి అడుగుపెట్టి, మంచం మీద బిడ్డను చూసి నోరు తెరిచాడు.

"ఇప్పుడా రావడం?" అంది భార్య. "అంతా అయిపోయింది. ఇదిగో, నా పేరు నేనే రాసుకున్నా, చూడు."

ఎటు చూడాలో తోచక అతను బిడ్డకేసీ పలకకేసీ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు.

"ముందు ఆ కాళ్లూ చేతులూ కడుక్కుని రా నాయనా," అంది నర్సమ్మ, బిడ్డను చేతుల్లోకి తీసుకుంటూ. "ఇస్తాను."