వెనకగది మర్యాద

ముప్పై ఏళ్ళుగా చోడవరం, అనకాపల్లి మధ్య బస్సులో టిక్కెట్లు కొడుతున్నవాడిని. మెట్టు మీద కాలు పెట్టగానే ఎవడు పేచీకోరో, ఎవడు ముసలమ్మకి లేచి సీటిస్తాడో చెప్పేయగలనని నాకు పొగరు. అలాంటిది, ఇరవై ఏళ్ళుగా నా ఇంట్లో ఉన్న పిల్ల గురించి అడిగితే నోటికొచ్చిందల్లా తప్పే చెప్పాను. తప్పని ఆ పిల్ల ఎదురుగానే తేలింది.

ఝాన్సీ మా రెండో అమ్మాయి. పుట్టినప్పుడే డౌన్ సిండ్రోమ్ అన్నారు. మాట కాస్త ముద్దగా వస్తుంది, పని మాత్రం శుభ్రంగా చేస్తుంది. ఇలాంటి పిల్లలకి క్యాంటీన్ పని నేర్పి ఉద్యోగం చూపించే శిక్షణ కేంద్రం ఒకటి విశాఖలో ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాం. ఆరే సీట్లు. సీటిచ్చే ముందు వాళ్ళ మనిషి ఇంటికొచ్చి, పిల్ల నలుగురిలో ఎలా మసలుతుందో కనుక్కుని మార్కులు వేస్తుందట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఝాన్సీ పళ్ళెంలో నీళ్ళ గ్లాసులు పెట్టుకుని వంటింటికీ వసారాకీ మధ్య తిరుగుతూనే ఉంది. "నాకు జాబొస్తాది నాన్నా" అని రోజుకి పదిసార్లు చెప్పేది.

ఆ సోమవారం నేను సెలవు పెట్టాను. పదిగంటలకి వీధిలో ఆటో ఆగింది. గేటు గడియ చప్పుడైంది. అంతే, ఝాన్సీ పళ్ళెం కింద పెట్టి వెనకగదిలోకి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతాను. నాలుగేళ్ళ కిందట మా పెద్దమ్మాయికి సంబంధాలు చూశాం. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఝాన్సీని చూస్తే, ఈ ఇంటి రక్తంలోనే ఏదో ఉందనుకుంటారని మా ఆవిడ కనకమహాలక్ష్మి భయపడింది. భయం ఆవిడది, ఉపాయం నాది. గేటు చప్పుడైతే వెనకగదిలోకి వెళ్ళాలి, గడియ వేసుకోవాలి, ఎవరు పిలిచినా పలకకూడదు, నేను వచ్చి "ఎల్లిపోయేరమ్మా" అంటేనే బయటికి రావాలి. ఈ నాలుగు ముక్కలూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. రెండు రోజుల్లో నేర్చేసుకుంది. తొమ్మిది పెళ్ళిచూపులు జరిగాయి, ఒక్కసారి కూడా దగ్గలేదు. పెద్దపిల్లని కె.కోటపాడు ఇచ్చాం, దానికో కొడుకు కూడా పుట్టాడు. ఇంక దాక్కోనక్కర్లేదని ఝాన్సీకి ఎవరమూ చెప్పలేదు. మరిచిపోయి కాదు. మాకు అలాగే హాయిగా ఉంది.

వచ్చినావిడ పేరు అఫీఫా. పాతికేళ్ళుంటాయి. కుర్చీలో కూర్చుని కాగితాలు తీసి, "అమ్మాయి ఏదండీ?" అంది.

"కొత్తోలంటే బెరుకమ్మా. మెల్లగా వస్తాది" అన్నాను.

సరే, ముందు మీరే చెప్పండని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళని పలకరిస్తుందా? లేదమ్మా. ఇంటివాళ్ళు కాక స్నేహితులెవరైనా ఉన్నారా? ఎవరూ లేరు. ఎదుటివాళ్ళు బాధపడితే కనిపెట్టి, దానికి తగ్గట్టు నడుచుకుంటుందా? ఈ ప్రశ్నకి నేను నవ్వాను కూడా. "దానికంత ఎక్కడ తెలుస్తాదమ్మా? సిన్నపిల్ల బుర్ర" అన్నాను. అఫీఫా పెన్సిలుతో సున్నా వెనక సున్నా చుడుతోంది. వెనకగది తలుపు మాకు నాలుగడుగుల దూరంలో ఉంది. అన్నీ వినబడుతూనే ఉంటాయి.

"ఇలాగైతే సీటు రావడం కష్టమండీ" అంది అఫీఫా. "క్యాంటీన్‌లో రోజంతా కొత్తవాళ్ళతోనే పని కదా. ఒక్కసారి అమ్మాయిని పిలవండి."

కనకం పిలిచింది, తలుపు కొట్టింది. అఫీఫా పిలిచింది. లోపల ఉలుకూ పలుకూ లేదు. సీటు పోతుందన్న కంగారులో నేను లేచి వెళ్ళి, తలుపు దగ్గర "ఎల్లిపోయేరమ్మా" అన్నాను.

వెంటనే గడియ తీసింది. నవ్వుతూ బయటికొచ్చి, కుర్చీలో అఫీఫాని చూసి ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది. దాని భయం కొత్తమనిషిని చూసి కాదు, నన్ను చూసి.

"నాన్నా, సూసీసేరు" అంది మెల్లగా. "నా తప్పు కాదు. నువ్వే ఎల్లిపోయేరన్నావు."

అఫీఫా నా ముఖంలోకి చూసింది తప్ప ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం ఆడేవాణ్ణి. అడగలేదు గనక మొత్తం చెప్పేశాను, పెళ్ళిచూపులూ, గడియా, నాలుగు ముక్కలూ. నా చేత్తో నేర్పిన దాన్నే పిల్ల లోపమని చెప్పి సున్నాలు వేయించాను.

అఫీఫా పెన్సిలు పక్కన పెట్టి, "ఇంటివాళ్ళు చెప్పింది సగమేనండీ. అమ్మాయిని బాగా ఎరిగిన బయటివాళ్ళని కూడా అడగాలి. ఎవరైనా ఉన్నారా?" అంది.

"ఎవరూ లేరమ్మా" అన్నాను మళ్ళీ.

"అచ్చియ్యమ్మ ఉంది" అంది ఝాన్సీ.

అచ్చియ్యమ్మ మా వెనకింటి ముసలామె. రెండావుల్ని పెట్టుకుని పాలు పోస్తుంది. మురుగునీళ్ళ తగాదా తప్ప ఆమెతో నేను మాట్లాడింది లేదు. కనకం వెళ్ళి పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర కూర్చుంది. కుర్చీ వేస్తానన్నా వద్దంది.

"ఈ అమ్మాయి మీతో మాట్లాడుతుందామ్మా?" అని అడిగింది అఫీఫా.

"మాటాడకేటి? ఆ గది కిటికీ మా నీల్ల గాబు కాడికే గదా. పొద్దున్నే నాను నీల్లు తోడతంటే, మోకాలు నొప్పి తగ్గిందేటని ముందడుగుతాది. ఆ తరవాతే దాని ఊసులు. మా మనవడొస్తే పేరెట్టి పిలుస్తాది. మొన్న నాకు జొరమొస్తే, మాత్రేసుకున్నావా అని కిటికీ కాడే కూకుండిపోనాది."

అఫీఫా రబ్బరు తీసింది. ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ, సున్నా చెరిపి వేరే అంకె వేస్తోంది. నేను కూతురి గురించి వింటున్నాను, ఎవరో పరాయి పిల్ల గురించి విన్నట్టు. సంతోషించాల్సింది పోయి కూర్చున్న చోటే కుంచించుకుపోయాను. గోడకి అవతల ఉన్న మనిషికి తెలిసిన పిల్ల, ఒకే కప్పు కింద ఉన్న నాకు తెలియలేదు.

నేను నవ్విన ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఎదుటివాళ్ళు బాధపడతారని కనిపెట్టి, దానికి తగ్గట్టు నడుచుకుంటుందా?

అచ్చియ్యమ్మ నా వైపు చూసి తటపటాయించింది. "సెప్పీమంటారా బాబూ?"

చెప్పమన్నాను.

"ఓపాలి మీరు పెరట్లో ఉన్నారు. నాను సూసుకోక, కిటికీ కాడికొచ్చి దీన్ని కేకేసేను. సెయ్యడ్డెట్టి ఊరుకోమన్నాది. మీరు లోపలికెల్లిపోయేక సెప్పింది. 'నాన్న ఉన్నప్పుడు నాతో మాటాడకు అమ్మమ్మా. నానున్నట్టు ఎవరికన్నా తెలిస్తే నాన్నకి సిగ్గేస్తాది. నాన్న మంచోడు' అన్నాది. అప్పట్నించి మీరింటికాడుంటే నాను ఆ కిటికీ వైపు రాను."

నేను గచ్చు కేసి చూస్తూ ఉండిపోయాను.

ఝాన్సీ వెళ్ళి అచ్చియ్యమ్మ పక్కన కూర్చుంది. "సెప్పొద్దన్నాను గదా అమ్మమ్మా" అంది గొంతు తగ్గించి. "సూడు, నాన్న తల దించీసుకున్నాడు."

ఆ ప్రశ్నకి అఫీఫా ఎన్ని మార్కులు వేసిందో నేను చూడలేదు.