చప్పుడు లేని ప్రార్థన

మా చర్చి సంఘంలో ప్రార్థన అంటే నోరు మూసుకుని చేసేది కాదు. పదిమంది కూడితే పదిమందీ ఒకేసారి గొంతెత్తుతారు. "మీ దేవుడికి ఏమన్నా చెవుడా?" అని రాచర్ల ఆటోవాళ్లు ఎగతాళి చేస్తుంటారు. ఆ సంగతి తెలిసి కూడా నా ఆఖరి పరీక్ష రోజూ, గంటా మా అత్త పిచ్చమ్మకు చెప్పాను. తప్పు నాదే.

నా పేరు రూబీ. ఇద్దరు పిల్లల తల్లిని. మా ఆయన శ్యాంసన్ బోరు లారీ మీద పనికి పోతే మూడు నెలలకు గాని ఇంటి ముఖం చూడడు. పత్తి తీసి తీసి నా వేళ్లు చీరుకుపోయాయి. నా సంపాదన నా చేతికి రావాలి, అదీ ఇల్లు కదలకుండా రావాలి అని పంతం పట్టి మూడేళ్ల ఆన్‌లైన్ ఐటీ డిగ్రీలో చేరాను. "ముప్పై దాటినాక కంప్యూటర్ ఏంది?" అన్నవాళ్లు చాలామంది. అత్త మాత్రం అనలేదు. పొద్దున్నే నా వాటా పని కూడా తనే చేసి, "నువ్వు పోయి చదువుకో పో" అనేది.

అన్ని పేపర్లూ గట్టెక్కి ఒక్క డేటాబేస్ మిగిలింది. ఇంతలో హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్లోనే ఇంటర్వ్యూ చేసింది. ఇంట్లోంచే పని చేసుకోవచ్చు, కానీ నెలాఖరుకల్లా డిగ్రీ పూర్తయినట్టు చూపించాలి అన్నారు. ఈ పేపరు తప్పితే మళ్లీ ఆర్నెల్లకు గాని పరీక్ష లేదు. అన్నాళ్లు నా కోసం ఏ ఉద్యోగం కాచుకుని కూర్చుంటుంది?

పరీక్ష ఇంట్లోనే, లాప్‌టాప్ ముందు. కెమెరా చూస్తుంటుంది, మైకు వింటుంటుంది. కుర్చీలోంచి లేవకూడదు, పెదవి కదపకూడదు. వేరే మనిషి గొంతు వినపడితే ఒక్క నిమిషం గడువిస్తారు. ఆ నిమిషంలో ఆగకపోయినా, తర్వాత మళ్లీ వినపడినా పరీక్ష రద్దు. ఇదంతా అత్తకు ఎట్లా చెప్పను? తేలిగ్గా చెప్పాను.

"అత్తా, గురువారం పది నుంచి పన్నెండు దాకా లోపలికి ఎవురూ రాకూడదు."

"ఎవుర్నీ రానీను. నువ్వు నిమ్మళంగా రాసుకో," అంది.

అయితే ఆదివారం చర్చిలో ఆమె లేచి నిలబడి, మా కోడలికి ఫలానా గంటకు పరీక్ష, అందరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అని చెప్పిందట. నేను ఆ రోజు జ్వరంతో ఇంట్లో పడున్నాను. మాలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికి గండం వచ్చినా సరిగ్గా ఆ గంటకు దగ్గరికి పోయి ఉపవాస ప్రార్థన పెడతారు. ఆపరేషన్ అయితే ఆస్పత్రి వరండాలో, వాయిదా అయితే కోర్టు బయట. పరీక్షకు ఇంతవరకు ఎవరికీ పెట్టలేదు. పరీక్ష ఎక్కడో కాలేజీలో కదా జరిగేది!

గురువారం పదీ ఇరవైకి ఏడో ప్రశ్న మీద ఉన్నాను. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడయింది. తర్వాత చాపలు పరిచిన చప్పుడు. ఆ తర్వాత తాళాలు మోగాయి. పన్నెండు మంది ఆడవాళ్లు ఒక్కసారిగా పాట ఎత్తుకున్నారు.

తెర మీద ఎర్ర డబ్బా లేచింది. ఇతరుల గొంతు వినిపిస్తోంది, అరవై సెకన్లు. యాభై తొమ్మిది. యాభై ఎనిమిది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నా బతుకు అట్లా అయింది. లేస్తే కెమెరా చూస్తుంది. అరిస్తే మైకు వింటుంది. ముఖం తెర మీదే ఉంచి, బల్ల కింద ఉన్న నీళ్ల చెంబును కాలితో ఒక్క తన్ను తన్నాను. అది దొర్లుకుంటూ పోయి తలుపుకు ఠంగుమని కొట్టుకుంది.

అత్త కిటికీ దగ్గరకొచ్చింది. దేవుడి దయ, ఆ కిటికీ నాకు ఎదురుగా, లాప్‌టాప్ వెనక ఉంది. కెమెరాకు ఆమె కనపడదు. నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. పెదవులు బిగబట్టి ఆమె వైపు చూశాను. పన్నెండేళ్లు ఒకే పొయ్యి దగ్గర బతికిన మనుషులం. అత్త ముఖం తెల్లబోయింది. చెయ్యి నోటి మీద పెట్టుకుని, ఇదేనా అన్నట్టు చూసింది. నేను రెప్పలు వాల్చాను.

తొమ్మిది సెకన్లు ఉందనగా పాట మాట మధ్యలో తెగిపోయింది.

ఇక చూడండి, మా వాకిట్లో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరగను. ఒక చెవి అటు పడేసే రాశాను. పదకొండున్నరకు గొర్రెల మంద వచ్చే వేళ. గొర్రెలు సరే, వెనకాల వాటిని అదిలించే ఆయన గొంతు మూడు వీధులకు వినపడుతుంది. కిటికీలోంచి చూస్తే, నాతో పత్తి తీతకు వచ్చే జెస్సీ అక్క చెప్పుల్లేకుండా వీధి మలుపుకు పరుగెత్తుతోంది. మంద రాలేదు. గొంతూ రాలేదు.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా పేపరు పంపాను. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది. చివరికి 'ఉత్తీర్ణత' అని పడింది. పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే కోపం కూడా లేచి వచ్చింది. అందర్నీ దులిపేద్దామని పోయి తలుపు తీశాను.

పన్నెండు మందిలో పదకొండు మంది చాపల మీద, చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పన్నెండో మనిషి జెస్సీ అక్క వీధి మలుపులో మందకు అడ్డంగా చేతులు చాచి నిలబడి ఉంది. గొర్రెలాయన పక్కన గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"తప్పయిపోయింది అమ్మాయ్," అంది అత్త గుసగుసగా. "లోపలికి రాకూడదంటివే, అందుకే బయట కూర్చోబెట్టినా. చెడగొట్టినానా?"

"పాసైనాను అత్తా," అన్నాను.

అప్పుడు చూడాలి గోల! స్తోత్రాలకు గొర్రెలు బెదిరి తలా ఒక దిక్కు పోయాయి. వాటిని మళ్లేసి వచ్చిన జెస్సీ అక్కను చూశాకే నాకు వెలిగింది. పత్తి తీత ముమ్మరంగా ఉన్న రోజులు. వీళ్లలో ఒక్కరూ పనికి పోలేదు.

"నా కోసం కూలి పోగొట్టుకుంటిరి కదక్కా," అన్నాను.

"నువ్వు జీవితమంతా ఇంట్లో కూర్చోని సంపాదిచ్చేదానికి, మేము ఒకపూట నోరు మూసుకోని కూర్చోలేమా?" అంది.

దులిపేద్దామని తలుపు తీసిన దాన్ని, అక్కడే చాప మీద ఆమె పక్కన కూలబడి ఏడ్చాను. మూడేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.