అండగా నిలిచినవారి షీల్డు

నేను ఒక రోలింగ్ షీల్డును. టేకు చెక్క ఒళ్లు, ఇత్తడి ముఖం. తెనాలిలో నన్ను చేసిన వడ్రంగి వెనక కొక్కెం కాస్త వదులుగా బిగించాడు. అప్పటినుంచీ ఎప్పుడు ఊడి ఎవరి నెత్తిన పడతానో అన్న దిగులుతోనే బతుకుతున్నాను.

నన్ను చేయించింది వేకువ పరుగు సంఘం వారు. ముందు వచ్చినవారికి పతకాలున్నాయి, తోటివారికి అండగా నిలిచి ధైర్యం చెప్పినవారికీ ఒక గుర్తింపు ఉండాలన్నారు. మంచి ఆలోచనే. మంచి ఆలోచన అంటేనే నాకు భయం. ఏడాదికో ఇల్లు మారతాను. ఒక ఇంట్లో దేవుడి పక్కన పెట్టి బొట్టు పెట్టారు. ఇంకో ఇంట్లో నా మీద తడి తువ్వాలు ఆరేశారు. చెక్క ఉబ్బి పగులుతుందని ఆ ఏడాదంతా కుమిలిపోయాను.

షీల్డు ఎవరికో తేల్చేది వాట్సాప్ గ్రూపు. సాయం చేస్తున్న ఫొటో పెడితేనే ఓటు. దాంతో జనం ముందు ఫొటో తీసుకుని, తర్వాత వీలుంటే సాయం చేయడం నేర్చుకున్నారు.

కుసుమకుమారి అని ఒక సభ్యురాలు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి. పోయినేడు కాలువ గట్టు పరుగులో అందరికన్నా వెనక వచ్చింది. అప్పటికే పరుగు ముగిసేచోట కట్టిన ద్వారం విప్పేసి గుడ్డ మడతపెడుతున్నారు. ఈసారి ఆ ద్వారం నిలబడి ఉండగానే దాని కిందుగా రావాలని ఆమె పట్టుదల. ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. అదే ఆమె కర్మ.

గట్టు మీద లారీ వస్తుందేమో, కుక్క తరుముతుందేమో అని నేను వణికాను గానీ, సాయం ఎదురొస్తుందనుకోలేదు. బల్ల మీద నా పక్కనే సెక్రటరీ ఫోను. ఫొటోలన్నీ అందులో పడుతున్నాయి. ఒకాయన ఆమెను ఆపి మోకాలికి మందు కొట్టాడు. ఇంకొకాయన గొడుగు పట్టాడు. చలపతి గారు అరటిపండు పెట్టి, "ఇంకొక్క ముక్క కొరుకమ్మా, ఇందాక నువ్వు కళ్లు మూసుకున్నావు" అంటున్న వీడియో కూడా వచ్చింది. తర్వాత అందరూ ఆమెను అక్కడే వదిలి, బహుమతి వేళకు స్కూటర్ల మీద వచ్చేశారు.

టెంటు కుర్రాళ్లు తొందరపడ్డారు. "సార్, ఈ ద్వారం కోసం అక్కడ పెళ్లివారు తిడుతున్నారు. ఆ ఫొటో ఏదో దిగితే విప్పుకుంటాం."

షీల్డు ఇచ్చి, ద్వారం కింద ఫొటో దిగాకే విప్పాలన్నది సంఘం ఆచారం. సెక్రటరీ మైకు అందుకున్నాడు.

అప్పుడే సంఘంలో పెద్దాయన మస్తాన్ గారు ఎవరూ చూడకుండా నన్ను బల్ల మీదనుంచి తీసి, కుర్చీలో వేసి, పైన తువ్వాలు పరిచి కూర్చున్నారు. ఏనాడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి. నా కొక్కెం కిర్రుమంది. ఈరోజుతో రెండు ముక్కలవుతాననుకున్నాను.

వెతుకులాట మొదలైంది. బల్లకింద చూశారు, అరటిపండ్ల బుట్టలో చూశారు.

"మస్తాన్ గారూ, మీకేమైనా కనపడిందా?"

"నాకెక్కడా కనపట్టంలేదయ్యా. ఆ జీపులో చూడండి."

జీపులో చూస్తుండగా కుసుమకుమారి వచ్చింది. కుంటుతూ, తిట్టుకుంటూ, ద్వారం కిందుగా వచ్చింది. ఎవరూ ఫొటో తీయలేదు. అందరూ నన్ను వెతుకుతున్నారు.

తువ్వాలు కింద మెరుస్తున్న ఇత్తడి అంచును ఆమె చూసింది. "ఇక లేవండి బాబాయ్. పాపం, దానికి ఊపిరాడుతుందో లేదో."

"ద్వారం విప్పెయ్యలేదుగా, చాలు" అని ఆయన లేచారు.

"పెద్దవారు, చూసుకుని కూర్చోవద్దా?" అని సెక్రటరీ మందలించాడు. ఓట్ల ప్రకారం నన్ను చలపతి గారికి ఇచ్చారు.

ఇప్పుడు ఆయన టీవీ పైన వేలాడుతున్నాను, ఎప్పుడు పడతానో తెలియదు. నన్ను రెండు చేతులా ఎత్తి చూపించినవారందరి పేర్లూ నా మీద ఉన్నాయి. నా మీద కూర్చున్నాయన పేరు మాత్రం లేదు.