గేటు నుంచి గుమ్మం దాకా వెండి ఆకులు

దర్జీ అక్కకి చూపు అంచుల నుంచి తగ్గిపోతూ వచ్చింది. ఇన్నేళ్లూ సూదిలో దారం ఎక్కించిన కళ్లు, పొద్దువాలితే గేటుకీ గుమ్మానికీ మధ్యనున్న దారినే పోల్చుకోలేకపోతున్నాయి. ఒకసారి పడి మోచెయ్యి చీరుకుపోయింది. కళ్ల డాక్టరు దాచలేదు. "పోయిన చూపు తిరిగిరాదమ్మా. మసక వెలుగులో తెల్లటివి మాత్రం ఇంకొన్నాళ్లు కంటికి ఆనుతాయి" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె దారికి రెండువైపులా వెండిరంగు ఆకుల పొదలు నాటాలనుకుంది.

"రాళ్లు పేర్చి సున్నం కొడితే పోలా?" అంది చెల్లెలు.

"రాయి తగిలితే బోర్లా పడతానే. మొక్కయితే ఒరుసుకుని ఊరుకుంటుంది."

చెల్లెల్ని ఇంటా బయటా వసపిట్ట అనేవారు. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పే ఉద్యోగం. ఇంటికొచ్చాకా నోట్లో నువ్వుగింజ నానదు. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు, ఒకరికొకరే దిక్కు.

ఆదివారం ఇద్దరూ నర్సరీకి వెళ్లారు. వసపిట్ట అన్నిటికన్నా తెల్లగా ఉన్న కుండీని ఎత్తి తెచ్చింది. దర్జీ అక్క ఆకుని వేళ్లమధ్య రుద్దింది. తెలుపంతా పొడిలా వేలికి అంటుకుంది, కింద మామూలు పచ్చటి ఆకు.

"పైన పటారం, లోన లొటారం. దీనికి బూడిద తెగులే పిచ్చిమొహమా, వెండి కాదు."

ఇంకోదాని ఆకు అడుగున మాత్రమే తెల్లన. గాలి వీస్తేగానీ తెలియదు. మరొకటి చేతికి మఖమలు గుడ్డలా ఉంది. కంటికి దగ్గరగా పెట్టుకుంటే సన్నటి తెల్లటి నూగు. రుద్దినా పోలేదు.

"చలికాలంలో ఆకు రాలుస్తుందా?" అని నర్సరీ అతన్ని అడిగింది.

"రాల్చదండీ, ఏడాదంతా ఇలాగే ఉంటుంది. ఎండ తగలాలి" అని, అతను ఇంకో బేరానికి పరుగెత్తాడు.

వాటినే కొనుక్కొచ్చి వరసకి ఆరు చొప్పున నాటారు. మొదటి సాయంత్రం గేటు దగ్గర నిలబడితే దారికి అటూ ఇటూ పాలు ఒలికినట్టు కనిపించాయి. దర్జీ అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుమ్మం చేరింది. వసపిట్ట చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచి వసపిట్ట ఆ మొక్కల్ని కంటికి రెప్పలా చూసుకుంది. పొద్దునా సాయంత్రమూ బిందెలకొద్దీ నీళ్లు పోసింది. వానలు మొదలైనా మానలేదు.

కొన్నాళ్లకి దర్జీ అక్కకి ఆ తెలుపు మసకబారింది. తర్వాత ఒక వరస అసలు కనిపించలేదు. 'అయిపోయింది, ఇక నా కళ్లలో మిగిలిందేం లేదు' అనుకుంది. చెల్లెలు బెంగపడుతుందని పెదవి విప్పలేదు. రవికలు కుట్టడం ఆపేసింది. అడిగితే నడుం నొప్పంది. చెల్లెలూ ఎందుకో నోరు మెదపడం తగ్గించింది.

ఒక సాయంత్రం దర్జీ అక్క దారి తప్పి మొక్కల మీదకి ఒరిగింది. చేతికి మఖమలు తగల్లేదు. ఆకు జిగటగా, మెత్తగా నలిగి ఊడొచ్చింది. కుళ్లు వాసన. పక్క మొక్కా అంతే.

"ఒసే! ఇవి చచ్చిపోయాయా?"

వసపిట్ట నీళ్లు నమిలింది. "నీకు చెప్పలేక... నేనే చంపేశానక్కా. వేళ్లు కుళ్లిపోయాయి. ఈ మొక్కకి నీళ్లు నిలవకూడదట."

దర్జీ అక్క మట్టిలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. "పోయింది మొక్కలా! నా కళ్లనుకున్నానే!" అని చెల్లెల్ని వాటేసుకుంది. ఇద్దరూ నవ్వుతూనే ఏడ్చారు.

మళ్లీ నాటారు. ఈసారి ఇసకా గులకరాళ్లూ కలిపి మట్టిని ఎత్తు చేశారు. వేళ్లు పట్టేదాకా కొద్దికొద్దిగా తడిపి, ఆపైన వేలు గుచ్చి లోపల పొడిగా ఉంటేనే నీళ్లు పోశారు. మొక్కలు నిలదొక్కుకోవడానికి చలికాలమంతా పట్టింది. చలి వెళ్లేసరికి మోకాలెత్తు పొదలయ్యాయి.

"చూడక్కా, ఎలా మెరిసిపోతున్నాయో! కనిపిస్తున్నాయా?"

దర్జీ అక్క వంగి ఆకు పట్టుకుంది. మఖమలే. నూగు నిండుగా ఉంది. మొక్కలో ఏ లోపమూ లేదు. ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. అయినా బూడిదరంగు మంచు తప్ప ఏమీ కనిపించలేదు. ఈసారి తప్పు మోపడానికి ఇంకేదీ దొరకలేదు.

"లేదే" అంది.

వసపిట్ట మెట్టు మీద కూలబడింది. అక్క గోడ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

రోడ్డు మీద వెళ్తున్న ఎవరో ఆవిడ గేటు దగ్గర ఆగింది. "వెండిపూత పూసినట్టున్నాయండీ! ఎవరు ఎంచుకున్నారు?"

"మా అక్క" అంది వసపిట్ట.

దర్జీ అక్క ఆవిడ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. "మీరూ వేసుకోండమ్మా" అంది మెల్లగా. "నీళ్లు మాత్రం ఎక్కువ పోయకండి."