సున్నపు బట్టీలో చేపలు

బేగంబజారులోని పుట్టింట్లో రెండు రోజులుండి వచ్చిన కళావతికి గదిలో పెట్టె ఖాళీగా కనిపించింది. పదకొండు రాతిపలకల్లో ఒక్కటీ లేదు.

ఆమె భర్త ఆనందరావు ఆసిఫాబాద్ అడవుల్లో సర్వే గుమాస్తా. ప్రాణహిత వైపు వాగుల్లో దొరికిన ఆ సున్నపురాతి పలకల్లో రాయిగా మారిన చేపలున్నాయి. మనిషి పుట్టకముందు అక్కడంతా నీళ్లేనని అతను చెప్పాడు. రెండేళ్లుగా మాదన్నపేట ఇంట్లో కూర్చుని కళావతి సూదిమొనతో రాతిపొర గీకి వాటిని బయటికి తీస్తోంది. కిందటి నెల ఒక చేప రెక్క మొదట్లో చిన్న చిన్న ఎముకలు బయటపడ్డాయి. అలాంటి రెక్కలే తరతరాలుగా మారి కాళ్లూ చేతులూ అయ్యాయని భర్త పుస్తకాల్లో చదివి చెప్పాడు. తన ముంజేతిని పక్కన పెట్టి చూసుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించింది. అతను రాగానే ఆ పలకను కలకత్తా భూగర్భశాస్త్ర పండితులకు పంపాలనుకున్నారు.

"అత్తా, రాళ్లేవి?"

నాగమణమ్మ బియ్యం చెరుగుతూనే చెప్పింది. "సున్నం మల్లన్నకిచ్చిన. ఇంట్ల చచ్చినయి పెట్టుకుంటే కడుపు నిలుస్తదా? రెండుసార్లు పాయె. నీ మంచికే చేసిన బిడ్డా."

కళావతి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. గల్లీ చివర బట్టీ పొగలు కక్కుతోంది.

"ఆర్పు మల్లన్నా! నీ కాళ్లు మొక్కుత, నీళ్లు పొయ్యి!"

"నిన్ననే అంటువెట్టిన. నీళ్లు పడితే పేలి పిండైతదమ్మా."

"చల్లారేదాంక ఆగితే?"

మల్లన్న తల దించుకున్నాడు. "సున్నమే మిగుల్తది."

ఆమె ఇనుపకడ్డీ అందుకుని బట్టీ నోట్లోంచి ఒక పలకను లాగింది. అతను అడ్డం వచ్చేలోపే కొంగుతో పట్టుకుంది. పలక చేతుల్లోనే పగిలింది. లోపలంతా తెల్లటి పొడి. అరచేతులు బొబ్బలెక్కాయి.

ఇంటికొచ్చి, ఆ చేతులతోనే పెన్సిల్ పట్టుకుని రెక్క బొమ్మ గీయబోయింది. ఎముకలు నాలుగా, అయిదా? ఎన్నిసార్లు లెక్కపెట్టిందో! ఇప్పుడు ఎంత కళ్లు మూసుకున్నా పొగే కనిపిస్తోంది. నాలుగు గీసింది, చెరిపింది, అయిదు గీసింది. నాగమణమ్మ కొబ్బరినూనె తెచ్చి అరచేతులకు రాస్తూ ఏడ్చింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆనందరావు వచ్చాక ఆ బొమ్మనే కలకత్తాకు పంపాడు. రాయి చూడకుండా ఏమీ చెప్పలేమని జవాబొచ్చింది. మరుసటి ఎండాకాలం అతను అదే వాగు తవ్వించాడు. చేపలు దొరికాయి, అలాంటి రెక్క మాత్రం మళ్లీ దొరకలేదు.