రేడియోలో గంగులు పేరు

నాలుగేళ్ళు! ఇండియా ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరుగా చేరి నాలుగేళ్ళయినా గంగులు పేరు రేడియోలో ఒక్కసారి రాలేదు. ఎలా వస్తుంది? అసలు గోల్‌కీపరు వేరే ఉన్నాడు. ఆ మహానుభావుడికి జ్వరమైనా రాదు! గంగులు బయట బెంచీ మీద కూర్చుని అరటిపళ్ళు తినేవాడు. సముద్రం ఒడ్డున వాళ్ళ పేటలో జనం మాత్రం ప్రతి ఆటకీ పంచాయతీ రేడియో చుట్టూ మూగేవారు. పేరు వినబడక, "నీ కొడుకు నిజంగా ఆడతన్నాడేటే?" అని అతని తల్లి కూర్మమ్మను దెప్పేవారు.

మొన్న పరదేశంలో ఆడుతుండగా ఆ మహానుభావుడి కాలు బెణికింది. గంగులు దిగాడు. పాపం, ఏడు గోల్స్ వదిలేశాడు.

ఇక జన్మలో బంతి ముట్టనని ఒట్టేసుకుని, రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకుని, విజయనగరంలో రైలు దిగి బస్సెక్కాడు. తలొంచుకుని పేటలో అడుగు పెట్టాడో లేదో, డప్పులు! దండలు!

"ఏడుసార్లురా అల్లుడా! ఏడుసార్లు నీ పేరు సెప్పినాడు!" అంటూ మావ అసిరయ్య వాటేసుకున్నాడు. రేడియోలో అంతా ఇంగ్లీషు. పేట జనానికి తెలిసిన ముక్క 'గంగులు' ఒక్కటే. అది వినబడ్డప్పుడల్లా ఈలలేసి గెంతారట.

"మావా, అది..."

"వొచ్చేపాలి పదిసార్లు సెప్పించాల, ఆఁ!"

గంగులుకి సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఇంటికొచ్చాక కూర్మమ్మ వంజరం చేపల పులుసు వడ్డించింది. గంగులు ముద్ద కలిపి కంచంలోనే వదిలేశాడు.

"అమ్మా, బంతి వదిలీసినందుకే నా పేరు సెప్పినాడే. ఏడూ నా పక్కనుంచే పోనాయి."

"నాకు తెల్దేటి? మొదటి గోలుకే బడి మాస్టారు నా సెవిలో ఏసినాడు."

"మరి ఈ డప్పులేటి?"

"నాలుగేళ్ళు నన్ను దెప్పినోలు గెంతుతుంటే నానెందుకు ఆపుతాన్రా? గెంతనీ! సరేగానీ, నువ్వు పట్టిన బంతులెన్ని?"

"ఇరవై మూడు." తడుముకోలేదు గంగులు. "వాటికి నా పేరు సెప్పనేదు గావాల."

కూర్మమ్మ గరిటె దించింది.

"సిన్నప్పుడు మీ అయ్య తెప్ప మీంచి సేపలిసిరితే సగం ఇసకలోనే పారీసీవోడివి. ఏరుకుని, కడుక్కుని అమ్ముకున్నాను గానీ, నిన్ను వొద్దన్నానా? ఇప్పుడు ఇరవై మూడు పట్టి, ఏడు జారితే ఏడుస్తన్నావా? తిను. ముళ్ళున్నాయి, సూసుకో."

గంగులు జేబులోంచి రాజీనామా కాగితం తీసి, కంచం పక్కన పరిచి, ముళ్ళు ఏరి దానిమీద పెట్టడం మొదలెట్టాడు.